పసుపు: వంటింటి చిటికెడు, క్యాప్సూలు మోతాదు

పసుపును గూర్చి హెచ్చరిక వ్రాయవలసి వచ్చునని నేనెన్నడును తలచలేదు. గురువుగారి యింట పది సంవత్సరములు మందులు నూరి, కషాయములు కాచి, ఆపై జైనూరులో నలుబది సంవత్సరములకు పైగా వైద్యము చేయుచున్నాను. పసుపువలన కాలేయమునకు హాని కలిగినదని యెవరైన చెప్పియుండినచో నవ్వి ఊరకుండెడివాడను. ఇప్పుడట్లు నవ్వజాలకున్నాను. కారణము పాఠకులకు విన్నవించెదను.

క్రిందటి చలికాలమున, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయులు నాకు ఫోను చేసిరి. వారి భార్యకు చిరకాలముగా మోకాళ్ళ నొప్పులు. పట్టణమున నున్న కుమారుడు పసుపు సత్త్వముతో చేసిన క్యాప్సూలుల సీసా పంపినాడట. "అయ్యగారూ, పసుపు గోళీలంట, ఏసుకోవచ్చునా?" అని అడిగిరి. "పసుపే గదా, నిరభ్యంతరముగా వేసికొనుడు" అంటిని. సీసాపై ఏమి వ్రాసియున్నదని అడుగలేదు. మోతాదు ఎంతయని అడుగలేదు. కొత్త మందు పేరు విన్నపుడు పది ప్రశ్నలు వేయు నేను, పసుపు అన్న మాట వినగానే ఒక్క ప్రశ్నయు వేయలేదు.

రెండు మాసముల పిదప ఆ దంపతులు స్వయముగా వచ్చిరి. ఆమె కన్నులు పచ్చబడియున్నవి. అన్నద్వేషము, వికారము, ఒడలంత నిస్సత్తువ, మూత్రము చిక్కని కషాయపు రంగు. నాడి చూచి, కుడి డొక్కను తాకి చూచి, "ఏమేమి మందులు వాడుచున్నారమ్మా?" అని ప్రశ్నించితిని. "ఏం లేవయ్యా, మీరు ఏసుకొమ్మన్న పసుపు గోళీలే" అని చేతిసంచి నుండి సీసా తీసి నా ముందుంచిరి.

అప్పుడే వానిని మాన్పించి, రక్తపరీక్షల నిమిత్తము పట్టణములోని అల్లోపతి వైద్యుని యొద్దకు పంపితిని. కాలేయపు ఎంజైములు మిక్కిలి హెచ్చుగా నున్నవని తేలినది. వైరస్ వలన వచ్చు కామెర్ల పరీక్షలన్నిటను ఏమియు కానరాలేదు. వేరే మందుల వాడుక లేదు. క్యాప్సూలులు మానిన ఏడవ వారమునకు పరీక్షలు మామూలు స్థితికి వచ్చినవి. ఒక్క రోగిని చూచి సిద్ధాంతము కట్టరాదని నాకు తెలియును. కాని ఆ రాత్రి నిద్ర పట్టక, సీసాను ముందు పెట్టుకొని, లేబిలు మీది సన్నని అక్షరములు చదివి, ఒక లెక్క వేసితిని. ఆ లెక్కను పాఠకులు కూడ వేసి చూడవలెనని నా కోరిక.

ఒక్కొక్క క్యాప్సూలున 500 మిల్లీగ్రాముల సత్త్వము. అందులో 95 శాతము కుర్కుమిన్ జాతి ద్రవ్యములు, అనగా 475 మిల్లీగ్రాములు. మన ఎండు పసుపునందు కుర్కుమిన్ సుమారు 3 శాతము ఉండును. అనగా 1 గ్రాము పసుపునకు 30 మిల్లీగ్రాములు. ఈ లెక్కన ఒక్క క్యాప్సూలు దాదాపు 16 గ్రాముల పసుపునకు సమానము. ఆమె దినమునకు రెండు మ్రింగినారు. అది 32 గ్రాములు! నలుగురున్న యింట నాలుగైదు దినముల పప్పుకూరలకు సరిపోవు పసుపును ఒక్క మనిషి ఒక్క దినమున, అదియు రెండు మాసములు, తినినట్లు. భారత ఆయుర్వేద ఫార్మకోపియా పసుపు చూర్ణమునకు చెప్పిన మోతాదు 1 నుండి 3 గ్రాములు మాత్రమే. నేను "పసుపే గదా" అన్నది ఈ ద్రవ్యమును గూర్చి కాదు. పేరొకటే, వస్తువు వేరు.

లేబిలు మీద రెండవ పంక్తి ఇంకొకటి కలదు: మిరియాల సత్త్వము. దాని కథ చెప్పక తప్పదు.

పసుపులోని రంగు పదార్థమును ఫోగెల్, పెల్టియే అను ఐరోపా రసాయన శాస్త్రజ్ఞులు 1815లో వేరుచేసిరి. దాని అణునిర్మాణము 1910లో తేలినది. (సున్నము తగిలినంతనే పసుపు ఎర్రబడి పారాణి యగుట మన ఆడపడుచులకు అంతకు ఎన్ని వందల యేండ్ల ముందునుండియో తెలియును. క్షారము సోకిన కుర్కుమిన్ రంగు మారుటయే అందలి రహస్యము.) ఈ ద్రవ్యము నీట కరుగదు, లోనికి పోయినను రక్తమున నిలువదు. ప్రేగులును కాలేయమును దానికి మరియొక పదార్థమును జతచేసి, నీట కరుగునట్లు మార్చి, వెలుపలికి పంపివేయును. 1998లో బెంగుళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 2 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చి చూచినపుడు రక్తమున అది కానరాలేదు, లేదా అత్యల్పముగా కనిపించెను. మిరియములలోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు జోడించినపుడు రక్తమునకు అందిన పరిమాణము 2000 శాతము పెరిగినదని ప్రకటించిరి.

ఆ 2000 శాతము అను సంఖ్య నేడు ప్రతి సీసా మీదను మెరయుచున్నది. గణితము తెలిసినవారు మొదట అడుగవలసినది, దేనికి 2000 శాతము అని. దాదాపు శూన్యమునకు ఇరువది రెట్లు అన్నను అది కొద్దియే కావచ్చును. రెండవ ప్రశ్న అంతకన్న ముఖ్యమైనది. పైపెరిన్ ఆ పెరుగుదలను ఎట్లు సాధించినది? విజాతీయ ద్రవ్యములను వెలుపలికి పంపు కాలేయపు పనిని అడ్డగించియే. ద్వారపాలకుని చేతులు కట్టి ఒకనిని లోనికి పంపినచో, వాని వెనుక మరికొందరును లోనికి వత్తురు. రక్తపోటుకో మూర్ఛకో మందులు వాడువారి విషయమున ఇది చిన్న మాట కాదు.

ఈ సంగతి మన శాస్త్రమునకు క్రొత్తయా? పిప్పలి, మిరియము, శొంఠి కలిపిన త్రికటువును ఇతర ఔషధములతో జోడించుట మనకు తరతరముల వాడుక. పిప్పలి యోగవాహి అని, అనగా తనతో చేరిన ద్రవ్యము యొక్క గుణమును మోసికొనిపోవునదని, చరకుడు చెప్పెను. కాని ఆ చరకుడే విమానస్థానము మొదటి అధ్యాయమున పిప్పలి, క్షారము, లవణము అను మూడింటిని అతిగా వాడరాదని హెచ్చరించెను. గురువుగారు ఆ భాగమును మాచే కంఠస్థము చేయించిరి. కంఠమున నున్నది, ఫోను చేతికి వచ్చినపుడు బుద్ధికి రాలేదు.

నా రోగికి కలిగినది నేనొక్కడనే చూచినది కాదని తరువాత తెలిసికొంటిని. మందుల వలన కాలేయమునకు కలుగు హానిని నమోదు చేయు అమెరికా వైద్యుల బృందము, పసుపు సంబంధమైన 10 కేసులను పరిశీలించి 2022లో అమెరికన్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించినది. వారిలో 8 మంది స్త్రీలు. ఐదుగురు ఆసుపత్రిలో చేరిరి, ఒకరు మరణించిరి. పరీక్షించిన 7 మందులలోను పసుపు కలదు, మూడింట పైపెరిన్ కూడ కలదు. ఆ పదిమందిలో 7 మందికి హెచ్.ఎల్.ఏ.-బి 35:01 అను ఒక జన్యులక్షణము ఉండెను; సామాన్య జనులలో అది అరుదు. అనగా ఒకే ద్రవ్యము ఒకనికి సరిపడును, మరియొకనికి సరిపడదు. ప్రకృతిని చూచి మందీయవలెనని మనము చెప్పు మాటకు ఇది దగ్గరగా నున్నది. ఆ పదిమందిలో తొమ్మండుగురు శ్వేతజాతివారగుటచే మనకది ఎంతవరకు వర్తించునో ఇక్కడ పరిశోధించి చూడవలెను. భయపడి వంటలో పసుపు మానివేయవలసిన పని మాత్రము లేదు.

పరిశోధన యనిన ఎల్లప్పుడు ఇట్టి చేదువార్తలే కావు. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి ప్రభృతులు 1992లో ప్రకటించిన పరిశోధన నాకు మిక్కిలి ప్రీతికరము. చిరకాలముగా ధూమపానము చేయు 16 మందికి దినమునకు 1.5 గ్రాముల పసుపు చొప్పున 30 దినములు ఇచ్చిరి. జన్యుకణములను చెరపు పదార్థములు వారి మూత్రమున గణనీయముగ తగ్గినవి. వారు ఇచ్చినది సత్త్వము కాదు, పసుపు. మోతాదు మన గ్రంథముల మోతాదులోనిదే. పదునారుగురు చాల కొద్దిమంది, నిజమే. దీనినిబట్టి పొగత్రాగి పసుపు తినవచ్చునని ఎవరైన అనినచో వారికి నమస్కారము. అయినను ప్రశ్న వేసిన తీరు సరియైనది. థాయిలాండులో 367 మంది మోకాళ్ళ నొప్పుల రోగులపై చేసి 2014లో ప్రకటించిన పరిశోధనలో, పసుపు సత్త్వము నాలుగు వారములలో ఐబుప్రొఫెన్ మాత్రకు తీసిపోలేదని తేలినది. ఉపాధ్యాయుని కుమారుడు ఊరకనే సీసా పంపలేదు.

అయితే 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో కుర్కుమిన్‌పై ఒక సుదీర్ఘ సమీక్ష వచ్చినది. ఈ ద్రవ్యము తానే వెలుగును చిమ్ముచు, కనబడిన ప్రతి ప్రోటీనునకు అంటుకొనుచు, పరీక్షనాళికలో పనిచేసినట్లు భ్రమ కలిగించునని, మనుషులపై పూర్తి నియమములతో జరిగిన పరీక్షలలో నిలిచిన ఫలితము లేదని ఆ రసాయన శాస్త్రజ్ఞులు తేల్చిరి. మా వైద్యులలో పలువురు ఆ సమీక్షను పాశ్చాత్యుల అసూయ యని కొట్టివైచిరి. నేను ఒప్పుకొనను. పుండ్లకు పసుపు వాడుటపై అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును, మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథములను సాక్ష్యముగ చూపి 1997లో రద్దు చేయించినపుడు మనమందరము పొంగిపోతిమి. పొగడిన పరిశోధన మనది, ప్రశ్నించిన పరిశోధన పరాయిది అనుట వైద్యుల లక్షణమేనా? పైగా ఆ సమీక్ష విడిగా తీసిన కుర్కుమిన్‌ను గూర్చినది. సంపూర్ణమైన పసుపును పాలలోనో నేతిలోనో కలిపి యిచ్చు మన పద్ధతిని తగిన రీతిని పరీక్షింపుమని అడుగు హక్కు మనకు కలదు. ఆ ఫలితము ప్రతికూలముగ వచ్చిన స్వీకరించు ధైర్యము కూడ ఉండవలెను.

ఇక మధ్యతరగతి గృహస్థులకు క్యాప్సూలుకన్న సమీపమైన ప్రమాదమొకటి కలదు. పసుపుకొమ్ముల మెరుగుకై సీసపు క్రోమేటు అను పచ్చరంగును పూయుట. భారత, శ్రీలంక, నేపాల్, పాకిస్తాన్‌లలోని 23 నగరముల నుండి సేకరించిన 356 నమూనాల ఫలితములు 2024లో వెలువడినవి. వానిలో 14 శాతమునందు గ్రాముకు 2 మైక్రోగ్రాములను మించి సీసముండెను. పాట్నా, కరాచీ, పెషావరులలో గ్రాముకు 1000 మైక్రోగ్రాములు దాటినవి కూడ దొరికినవి. మన దేశపు చట్టము అనుమతించినది 10 మాత్రమే. సీసము పిల్లల బుద్ధివికాసమును చెరచును. పోయిన బుద్ధిని తెచ్చియిచ్చు రసాయనము నా యొద్ద లేదు. బంగ్లాదేశ్‌లో దీనిని ఎదుర్కొన్న విధము చూడుడు. ఎక్స్-కిరణములను ప్రసరింపజేసి సీసమును అక్కడికక్కడే పట్టు చేతియంత్రముతో అధికారులు బజారులకు వెళ్ళిరి, జరిమానాలు వేసిరి, పత్రికలలో ప్రచారము చేసిరి. 2019లో 47 శాతము నమూనాలలో నున్న సీసము 2021 నాటికి శూన్యమైనది.

కొమ్ములకు రంగు పూయవలసిన అవసరమేల కలిగినది? ఉడకబెట్టుట, ఎండబెట్టుట సరిగా జరుగనందున. పచ్చి కొమ్ములను తెల్లని ఆవిరి, నురుగు వచ్చువరకు ఉడికించి, తేమ 10 శాతమునకు దిగువరకు ఎండింపవలెను. నడుమ వాన తగిలినచో రంగు మాసిపోవును. ఎంత వేడి, ఎంత గాలి, ఎన్ని గంటలు అనునది ఇంజనీర్లు సమీకరణములు వ్రాసి తేల్చు విషయము. ఆవిరి బాయిలర్లు, సౌరశక్తితో ఎండబెట్టు యంత్రములు ఆ లెక్కలనుండి వచ్చినవే. నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రము కలదు. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగ ప్రారంభమైనది. ఆర్మూరు, మెట్‌పల్లి రైతుల కళ్ళములకు ఆ చేతియంత్రమొకటి, నమ్మకమైన ఎండబెట్టు సదుపాయమొకటి చేర్చుట, నా దృష్టిలో, నూరు క్యాప్సూలుల పరిశోధనలకన్న మిన్న. కొనువారు కూడ కన్నులు మిరుమిట్లు గొలుపు పసుపును కోరుట మానవలెను. కొమ్మును గ్లాసు నీట వేసి చూడుడు. వెంటనే పచ్చరంగు విడిచినచో దానిని ఇంటికి తేవలదు. సీసమెంతయో తెలియవలెనన్న ప్రయోగశాల పరీక్షయే శరణ్యము.

నేను ఇప్పుడు ఫోనులో ఎవరికిని "వేసికొనుడు" అని చెప్పుట లేదు. సీసా తెమ్మని, లేబిలు చదివి వినిపింపుమని కోరుచున్నాను. పిత్తాశయమున రాళ్ళున్నవారికి, రక్తము పలుచబరచు మందులు వాడువారికి సత్త్వపు క్యాప్సూలులు వలదని చెప్పుచున్నాను. వాడువారికి ఆకలి తగ్గినను, మూత్రపు రంగు మారినను ఆ దినముననే మానివేసి పరీక్ష చేయించుకొనుడని వ్రాసి ఇచ్చుచున్నాను.

మొన్న ఆ ఉపాధ్యాయుని భార్య మరల వచ్చిరి. మోకాళ్ళకు నిర్గుండి తైలము మర్దన చేసికొనుచున్నారు. పరీక్షల కాగితములు నా చేతికిచ్చి, కొంచెము సందేహించి, "పప్పుల పసుపు ఏసుకోవచ్చునా అయ్యా? నాలుగు నెలలాయె మానేసి" అని అడిగిరి. కాగితములను రెండుసార్లు చదివితిని. చిటికెడు వేసికొనుడని, కొమ్ములు తెచ్చి యింటనే దంచుకొనుడని, నెల తరువాత మరల రక్తపరీక్ష చేయించుకొని నాకు చూపుడని చెప్పితిని.