రోమా కూలింది, సువార్త నిలిచింది

క్రీ.శ. 410 ఆగస్టు 24న అలారిక్ సేనలు రోమా నగరంలోకి చొరబడ్డాయి. మూడు రోజులపాటు దోచుకున్నాయి. సుమారు 800 ఏళ్లుగా ఏ పరాయి సైన్యానికీ చిక్కని నగరమది. బేత్లెహేములో లేఖనాలకు వ్యాఖ్యానం రాసుకుంటున్న జెరోము భక్తుడు ఆ కబురు విని చాలాకాలం కలం కదపలేకపోయాడు. రోమాయే పడిపోతే ఇక ఏది నిలుస్తుందన్నది ఆనాటి విశ్వాసుల దిగులు. పాత దేవతలను కొలిచేవారేమో నేరమంతా క్రైస్తవుల మీదే మోపారు. తరతరాల దేవతలను విడిచి యేసుక్రీస్తును పట్టుకున్నందుకే నగరానికి ఈ గతి పట్టిందన్నారు.

ఆ నింద అక్కడితో ఆగలేదు. 1776లో మొదటి సంపుటంగా వెలువడిన తన రోమా చరిత్రలో ఎడ్వర్డ్ గిబ్బన్ కూడా సామ్రాజ్య పతనానికి క్రైస్తవ్యాన్ని ఒక కారణంగా చూపించాడు. కాని చరిత్ర మరో సంగతి చెబుతోంది. పశ్చిమాన చివరి చక్రవర్తి రోములస్ అగస్టులస్‌ను 476లో ఒడోయాసర్ దించేశాడు. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా తూర్పు భాగం 1453 దాకా నిలిచింది. క్రైస్తవుల సంఖ్య ఎక్కువగా ఉన్నది ఆ తూర్పులోనే! క్రీస్తు నామం రాజ్యాలను కూల్చేదైతే ముందు కూలవలసింది అదే కదా? పైగా రోమా బలహీనత చాలా ముందే మొదలైంది. 235 నుండి 284 వరకు సుమారు 50 ఏళ్లలో 20 మందికి పైగా చక్రవర్తులు మారారు. సేనాపతులు సింహాసనం కోసం కొట్లాడుకున్నారు. వెండి నాణెంలో వెండి నామమాత్రమైంది. సరిహద్దుల్లో దాడులు, లోపల తెగుళ్లు సామ్రాజ్యాన్ని పీల్చేశాయి. క్రైస్తవ్యాన్ని చట్టం ఇంకా ఒప్పుకోని కాలమది.

మరికొందరి వాదన వేరు. రాజ్యాలు కూలినప్పుడు భయపడిన జనం మతాన్ని ఆశ్రయిస్తారని, మతాల వ్యాప్తికి రహస్యం అదేనని వారంటారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. చైనాలో 220లో హాన్ వంశం పతనమయ్యాక, అంతకుముందే అక్కడికి చేరిన బౌద్ధం తర్వాతి శతాబ్దాల్లో బాగా విస్తరించింది. కష్టకాలంలో మనిషి ఆదరణ వెదుక్కుంటాడు. కాని భయం మనిషిని గుడి గుమ్మం దాకా తెస్తుందేమో గాని, ప్రాణాలకు తెగించి పరాయివాడి రోగానికి సేవ చేయించదు. తొలి సంఘం చేసింది ఆ సేవే.

సుమారు 249 నుండి 262 వరకు రోమా సామ్రాజ్యాన్ని ఒక భయంకరమైన తెగులు వణికించింది. ఆఫ్రికా తీరంలోని కార్తేజి పట్టణంలో అప్పుడు సిప్రియన్ బిషప్‌గా ఉన్నాడు. చక్రవర్తి డెసియస్ ఆజ్ఞతో దేవతలకు బలులర్పించని విశ్వాసులు చెరసాలల పాలైన రోజులవి. అటువంటి సమయంలో, మనవారికే కాదు, మనలను హింసించేవారికి కూడా మేలు చేయాలని సిప్రియన్ సంఘానికి బోధించాడు. డబ్బున్నవారు డబ్బిచ్చారు, లేనివారు ఒళ్లొంచి పనిచేశారు. అలెగ్జాండ్రియాలోనూ విశ్వాసులు రోగులను సాకి, వారితోపాటే ప్రాణాలు విడిచారని అక్కడి బిషప్ డయొనీసియస్ లేఖలో రాశాడు. 258లో సిప్రియన్‌ను శిరచ్ఛేదం చేశారు. సంఘం మాత్రం పెరిగింది. 361 నుండి 363 వరకు ఏలిన జూలియన్ చక్రవర్తి పాత దేవతల పూజను తిరిగి నిలబెట్టాలని చూశాడు. క్రైస్తవులు తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారంటూ ఆయన తన పూజారిని మందలించవలసి వచ్చింది. శత్రువు ఇచ్చిన ఆ సాక్ష్యం కన్నా గొప్ప సాక్ష్యం సంఘానికి ఇంకేం కావాలి?

సామ్రాజ్యం ఎల్లలు దాటి సువార్త ఎలా వెళ్లిందో చూస్తే మరింత ఆశ్చర్యం కలుగుతుంది. గోతులు కప్పదొకియ మీద దాడిచేసి క్రైస్తవులను బందీలుగా పట్టుకుపోయారు. ఆ బందీల వంశంలో పుట్టిన ఉల్ఫిలా నాలుగవ శతాబ్దంలో గోతుల భాషకు లిపి కూర్చి బైబిలును అనువదించాడు. గోతులకు అందిన బోధలో అరియస్ సిద్ధాంత దోషం ఉన్నమాట నిజమే. అయినా రోమాను దోచుకున్న ఆ గోతులే పేతురు, పౌలుల పేరిట ఉన్న ఆలయాల్లో తలదాచుకున్నవారిని వదిలేశారు. రోమా సైన్యం ఎన్నడూ జయించని ఐర్లాండుకు ఐదవ శతాబ్దంలో సువార్త ప్రకటించిన పాట్రిక్ కూడా, పదహారేళ్ల ప్రాయంలో అక్కడికి బానిసగా వెళ్లినవాడే. ఆరేళ్లకు తప్పించుకున్నవాడు తనను బానిసను చేసిన జనం దగ్గరికే తిరిగి వెళ్లాడు. సిరియా సేనాధిపతి నయమానుకు జీవంగల దేవుణ్ణి చూపించింది ఎవరు? చెరపట్టి తెచ్చిన చిన్నపిల్ల కాదా (2 రాజులు 5)? దేవుని పద్ధతి మొదటినుండీ అదే.

ఇక్కడ మేము గట్టిగా చెప్పదలచిన మాట ఒకటుంది. సంఘాన్ని గోతుల కన్నా సింహాసనమే ఎక్కువ గాయపరిచింది. 313లో క్రైస్తవులకు స్వేచ్ఛ వచ్చింది. 380లో వారి విశ్వాసం రాజమతమైంది. ఐదేళ్లు తిరక్కుండానే, 385లో, తప్పుడు బోధకుడని బిషప్‌లు ఫిర్యాదు చేసిన ప్రిసిలియన్‌కు ట్రియర్ నగరంలో చక్రవర్తి మరణశిక్ష వేయించాడు. రక్తం చిందించవద్దని టూర్స్ బిషప్ మార్టిన్ బతిమాలినా వినలేదు. 415లో అలెగ్జాండ్రియాలో హైపేషియా అనే విదుషీమణిని క్రైస్తవుల గుంపే చంపింది. రోగుల పక్కన కూర్చున్న చేతులకూ ఈ చేతులకూ ఎంత తేడా!

పాశ్చాత్య దేశాల్లో ఆలయాలు ఖాళీ అవుతున్నాయని, కొన్ని మూతపడుతున్నాయని వింటుంటే మన విశ్వాసులు కూడా జెరోములాగే దిగులుపడుతున్నారు. దిగులు అక్కర్లేదు. సువార్త ఏ నాగరికతకూ సొంత ఆస్తి కాదు. మనం భయపడవలసింది వేరొకదానికి. అధికారుల సిఫారసులు, నాయకుల అండ, పెద్ద మందిరం, పెద్ద వేదిక ఉంటే తప్ప సంఘానికి విలువ లేదనుకునే రోజు వస్తే, అది అసలైన పతనం. 2020, 2021లలో కోవిడ్ విరుచుకుపడినప్పుడు సొంతవారి శవాన్ని ముట్టుకోవడానికి కూడా జనం జంకడం మనమంతా చూశాం. అప్పుడు మన సంఘం ఎన్ని గడపలకు అన్నం పట్టుకెళ్లింది? అందులో మనవారివి కానివి ఎన్ని? ఆదివారం హాజరు లెక్కించే ముందు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

రోమా పతనం చూసిన అగస్టీను 413లో 'దేవుని పట్టణం' అనే గ్రంథం మొదలుపెట్టి, 22 భాగాలుగా 426లో ముగించాడు. మనుషులు కట్టినది పడిపోతుంది, దేవుడు కట్టేది నిలుస్తుందన్నది అందులోని సారం. హెబ్రీ పత్రిక కూడా (13:14) మన చూపును రాబోయే పట్టణం వైపే తిప్పుతుంది. 430లో వాండలులు హిప్పో పట్టణాన్ని ముట్టడించి ఉండగానే అగస్టీను కన్నుమూశాడు. ఆయన ఊరు ఆ శత్రువుల పాలైంది. ఆయన చాటిన దేవుని కృప మాత్రం వెయ్యేళ్లు దాటి మార్టిన్ లూథర్‌ను కదిలించి, మన సంఘాల దాకా వచ్చింది. కాబట్టి ప్రియులారా, కూలేవాటిని చూసి కుంగిపోవద్దు. మన వీధిలో రోగి ఉన్నాడు, ఒంటరి ఉంది, ఆకలితో పడుకునే ఇల్లుంది. ప్రభువు మనకోసం ఎదురుచూసేది అక్కడే.