గజ్జలో బిళ్ళ కట్టిందా? ముందు కాలు చూసుకోండి!

మిరపకోతలు మొదలైతే చాలు, ఆసుపత్రిలో ఈ మాట తప్పకుండా వినపడుతుంది: "గజ్జలో బిళ్ళ కట్టిందయ్యా!"

ఒకసారి ఒక అత్తగారు కోడల్ని తీసుకువచ్చింది. కోడలికి చలిజ్వరం. గజ్జలో నిమ్మకాయంత బిళ్ళ, దానిమీద సున్నం, బెల్లం పట్టు. నాలుగు రోజులైనా తగ్గకపోయేసరికి వాత పెట్టిద్దామనుకున్నారట.

"కాలు చూపించమ్మా" అన్నాను.

"నొప్పి కాల్లో కాదండీ, గజ్జలో" అంది అత్తగారు.

మట్టి కడిగించి చూస్తే, అరికాల్లో పత్తి మోడు గుచ్చుకున్న గాయం! లోపల చీము. చీలమండ దగ్గరనుంచి తొడదాకా ఎర్రని చార.

జబ్బు కాల్లో ఉంటే బిళ్ళ గజ్జలో ఎందుకు కట్టినట్టు?

మన పొలానికి నీరు తెచ్చే పంట కాలువ ఉన్నట్టే, మిగులు నీరు తీసుకుపోయే మురుగు కాలువ కూడా ఉండాలి కదా! శరీరంలోనూ అంతే. గుండె పంపే రక్తంలోంచి కొంత ద్రవం సన్నని రక్తనాళాల గోడల గుండా కండల్లోకి ఊరుతుంది. మిగిలిపోయిన ఆ ఊటను పోగుచేసి మళ్ళీ రక్తంలో కలిపేవి లింఫు నాళాలు. ఆ ద్రవాన్నే పాఠ్యపుస్తకాల్లో శోషరసం అంటారు. రోజుకు సుమారు మూడు లీటర్లు ఇలా తిరిగివస్తుంది. కాళ్ళనుంచీ, పొట్టనుంచీ వచ్చే నాళాలు ఒక పెద్ద నాళంగా ఏర్పడి, వెన్నెముక ముందునుంచి పైకెక్కి, మెడ మొదట్లో ఎడమవైపు సిరలో కలుస్తాయి.

దీనికి గుండెలాంటి పంపు లేదు. నాళాలు తమంతట తాము ముడుచుకోవడం, నడిచేటప్పుడు కండలు నొక్కడం, ద్రవాన్ని వెనక్కి పోనివ్వని కవాటాలు, వీటి సాయంతోనే పైకి ఎక్కుతుంది.

దారి పొడుగునా చిక్కుడు గింజల్లాంటి గ్రంథులు వందల కొద్దీ ఉంటాయి. గజ్జల్లో, చంకల్లో, మెడలో ఎక్కువ. కాలి గాయంలో దూరిన సూక్ష్మజీవుల్ని గజ్జలోని గ్రంథి పట్టుకుని పోరాడుతుంది. ఆ పోరాటంలో అది వాస్తుంది. అదే మీరనే బిళ్ళ! బిళ్ళ కాపలాదారు, దొంగ కాదు. దానికి వాత పెడితే దొంగకేం నష్టం?

ఆమెకు గాయంలో చీము తీసి, ధనుర్వాతం ఇంజెక్షన్ చేసి, మందులిచ్చాం. బిళ్ళ దానంతటదే తగ్గింది. కానీ రెండు వారాల కోత కూలి పోయింది.

ఈ మురుగు కాలువే పూడిపోతే? అదే బోదకాలు. మురికినీటిలో పెరిగే క్యూలెక్సు దోమ కుట్టడంవల్ల ఫైలేరియా క్రిములు లింఫు నాళాల్లో చేరి వాటిని పాడుచేస్తాయి. నీరు దిగక కాలు లావెక్కుతుంది. ఈ క్రిముల పిల్లలు రాత్రిళ్ళు రక్తంలో తిరుగుతాయి కనుకనే రక్తపరీక్ష రాత్రిపూట చేస్తారు. మన దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి ఈ జబ్బున్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ మాత్రలు పంచడం చేపట్టారు. మీ ఊళ్ళో మాత్రలిస్తే, "నాకేం జబ్బు లేదు" అని పారేయకండి. భోజనం చేసి, ఇచ్చినవారి ఎదుటే మింగండి. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, బాగా జబ్బుగా ఉన్నవారికి మాత్రం ఇవ్వరాదు. ఒకసారి బాగా లావెక్కిన కాలు మందులతో మామూలు కావడం కష్టం. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తుడిచి, కూర్చున్నప్పుడు ఎత్తున పెట్టుకుంటే జ్వరాలు తగ్గుతాయి, వాపూ పెరగదు.

ఇవి గుర్తుంచుకోండి:

చేనుకు చెప్పులతో వెళ్ళండి. ముల్లు గుచ్చుకుంటే వెంటనే సబ్బునీళ్ళతో కడగండి.

గజ్జలో బిళ్ళ కడితే కాలు, చంకలో కడితే చెయ్యి, మెడలో కడితే పళ్ళు, గొంతు, తల చూసుకోండి. నలపకండి, కోయించకండి.

గాయమేదీ లేకుండా బిళ్ళ కట్టి, మూడు వారాలైనా తగ్గకపోతే పరీక్ష చేయించుకోండి. మెడలో బిళ్ళలతోపాటు సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ కావచ్చు. ప్రభుత్వాసుపత్రుల్లో దానికి మందులు ఉచితం.

స్త్రీలకు చంకలో నొప్పిలేని గట్టి బిళ్ళ కనిపిస్తే, సిగ్గుపడి దాచుకోవద్దు. రొమ్ము పరీక్ష వెంటనే చేయించుకోవాలి. నొప్పి లేదు కదా అని ఊరుకున్న బిళ్ళే ఎక్కువ ప్రమాదం!