పిల్లాణ్ణి గ్రౌండు మాన్పించే ముందు

"ఎక్కువ పరిగెడితే గుండె పెరిగిపోతుందట వదినా, మావాణ్ణి ఫుట్‌బాల్ మాన్పించేశా!" ముక్త్యాలలో, జగ్గయ్యపేటలో ఏ పేరంటానికి వెళ్ళినా ఈ మధ్య ఇదే మాట. గుండె పెరుగుతుందన్నది నిజమే. మాన్పించడమే తప్పు. హాయిగా ఆడుకోవాల్సిన పిల్లల్ని కూర్చోబెట్టి ఫోను చేతికిస్తున్నాం, నిజంగా డాక్టరుకి చూపించాల్సిన వాణ్ణి మాత్రం గమనించట్లేదు.

ఫుట్‌బాల్ ఆటగాడు ఒక్క మ్యాచ్‌లో సుమారు 10 కిలోమీటర్లు పరిగెడతాడు. ఏళ్ళ తరబడి అలా సాధన చేస్తే గుండె గదులు విశాలమవుతాయి, గోడలు కాస్త మందమవుతాయి. ఒక్కసారి కొట్టుకుంటే ఎక్కువ రక్తం తోస్తుంది కాబట్టి తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. మనకి నిమిషానికి 72 అయితే, వాళ్ళకి ఊరికే కూర్చున్నప్పుడు 50, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. 1899లోనే హెన్షెన్ అనే స్వీడన్ డాక్టరు, ఛాతీ మీద వేళ్ళతో తట్టి చూసి, మంచు మీద స్కీయింగ్ పందేలాడేవాళ్ళ గుండెలు పెద్దవని చెప్పాడు. రోకలి పట్టిన చేతికి కండ వచ్చినట్టే ఇదీను! సాధన ఆపితే కొన్ని నెలల్లో చాలావరకు తగ్గుతుంది కూడా.

జబ్బు వేరు. కొందరికి జన్యువుల్లోనే లోపముండి గుండె గోడ మందమవుతుంది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మ్యాచ్ ఆడుతూ పడిపోయి చనిపోయిన కామెరూన్ ఆటగాడు ఫోయేది ఇదే జబ్బు. మనకీ దూరం కాదిది. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యులోపం దక్షిణాసియా వాళ్ళలో నూటికి నలుగురిలో ఉందని 2009లో చెప్పిన పరిశోధనలో మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఉన్నారు. ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, వయసు పెరిగేకొద్దీ రిస్కు పెరుగుతుంది.

మరి కోచింగ్ క్యాంపుల వాళ్ళు ఏం చేస్తున్నారు? నేను చూసిన ఫారాల్లో ఫీజు ఉంది, టీషర్టు సైజు ఉంది. "మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా?" అన్న ప్రశ్న లేదు. దానికి జవాబు తెలిసింది మనకే కదా! తద్దినాలు గుర్తుపెట్టుకునేది మనమే. ముప్ఫై ఏళ్ళకే పొలంలో పడిపోయిన మేనమామ గురించి "గాలి సోకింది" అని చెప్పుకుని వదిలేస్తాం. ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. పరిగెడుతూ కళ్ళు తిరిగి పడిపోయిన పిల్లాడికి గ్లూకోజు నీళ్ళు తాగించి మళ్ళీ గ్రౌండులోకి తోలకూడదు.

ఇటలీలో పోటీల్లో ఆడేవాళ్ళకి 1982 నుంచి ఈసీజీతో సహా పరీక్ష తప్పనిసరి. అలాగని ఒక్క ఈసీజీ తీయించి చేతులు దులుపుకోవడానికీ లేదు. ఇంగ్లండులో 1996 నుంచి 2016 దాకా 11,168 మంది కుర్ర ఆటగాళ్ళని పరీక్షిస్తే, తర్వాత గుండెజబ్బుతో పోయిన 8 మందిలో 6 మందికి అప్పుడు అంతా బాగానే ఉందని వచ్చింది.

అందుకే గ్రౌండులో ఏముందన్నది ముఖ్యం. 2004 డిసెంబరు 5న బెంగళూరులో ఫెడరేషన్ కప్ ఫైనల్లో రెండు గోల్స్ కొట్టిన డెంపో ఆటగాడు క్రిస్టియానో జూనియర్ అక్కడే కూలిపోయాడు, బతకలేదు. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో ఎరిక్సన్ పడిపోతే వెంటనే ఛాతీ నొక్కి, ఏఈడీతో షాకిచ్చారు. మరుసటి ఏడాది మళ్ళీ ఆడాడు.

ఇంకో సంగతి. 2025 జనవరిలో మచిలీపట్నంలో కానిస్టేబుల్ ఎంపికల 1600 మీటర్ల పరుగులో ఒక అబ్బాయి కుప్పకూలి చనిపోయాడు. అతనికి ఏమైందో నేను తీర్పు చెప్పను. కానీ బండలాగుడు పందెం ఎద్దుకి నెలల తరబడి ఉలవలు పెట్టి సాధన చేయించే మనం, మన పిల్లలు నోటిఫికేషన్ పడ్డాక నెలరోజుల్లో పరుగు నేర్చుకుంటుంటే ఊరుకుంటున్నాం. ఆడపిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్దమనిషయితే చాలు, గ్రౌండు బంద్! వాళ్ళ గుండెకి కండ వద్దా?

సంక్రాంతి టోర్నమెంటుకి షీల్డులకీ, ఫ్లెక్సీలకీ, డీజేకీ చందాలిస్తూనే ఉన్నాం. ఈసారి చందా పుస్తకం పట్టుకొచ్చిన కుర్రాళ్ళని గుమ్మంలోనే అడగండి, ఏఈడీ పెట్టె ఎక్కడ పెడుతున్నారు, ఛాతీ నొక్కడం మీలో ఎవరికొచ్చు అని. జవాబు చెప్పాకే రశీదు రాయించుకోండి.