వాడని కార్డుకు వడ్డన

బీరువాలో చీరల కింద పడి ఉన్న క్రెడిట్ కార్డు మీద బిల్లు వచ్చిందంటే ఎవరికైనా ముందు తోచేది మోసమే. ఎవడో నంబరు కొట్టేశాడని గుండె గుభేలుమంటుంది. తీరా స్టేట్‌మెంట్ తెరిస్తే కొన్న సరుకేమీ కనబడదు. ఒక వరుసలో ‘యాన్యువల్ ఫీ 499.00’, దాని కింద ‘ఐజీఎస్టీ 89.82’. వడ్డించింది దొంగ కాదు, కార్డు ఇచ్చిన సంస్థే. ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటిన సేవ మీద పన్ను, అని ఉండడానికీ కారణం ఉంది. కార్డు అంటగట్టింది బళ్లారిలోనే అయినా, బిల్లు వేసే ఆఫీసు ముంబైలోనో చెన్నైలోనో గురుగ్రామ్‌లోనో ఉంటుంది. అడగడానికి వెళ్లాలంటే అంత దూరం.

ఆ రెండు వరుసలతో ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. మెసేజీ పాత సిమ్ నంబరుకు వెళ్తుంది, స్టేట్‌మెంట్ ఎప్పుడూ తెరవని ఈమెయిల్‌లో పడుతుంది, గడువు దాటిపోతుంది. లేట్ ఫీ రూ.500, దానిపై జీఎస్టీ రూ.90 అనుకుందాం. బాకీ రూ.1,178కి చేరింది. వెయ్యి దాటింది కాబట్టి తర్వాతి నెల పై శ్లాబు: రూ.600, జీఎస్టీతో రూ.708. అలా అయిదు గడువులు దాటేసరికి లెక్క రూ.4,010 అవుతుంది. శ్లాబులు ఒక్కో సంస్థకు ఒక్కో రకం, పెరిగే తీరు మాత్రం ఇదే. ఒక్క రూపాయి సరుకు కొనకుండా నాలుగు వేల బాకీదారు కావచ్చన్నమాట!

ఈ లెక్కలో వడ్డీ కలపలేదు. కలపకూడదు కూడా. క్రెడిట్, డెబిట్ కార్డులపై రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న జారీ చేసిన ఆదేశాల్లో ఆ మాట స్పష్టంగా ఉంది: కట్టని ఫీజులను, పన్నులను అసలులో కలిపి వాటి మీద వడ్డీ లాగరాదు. కాబట్టి వాడని కార్డు స్టేట్‌మెంట్‌లో ‘ఫైనాన్స్ చార్జెస్’ అనే వరుస కనిపిస్తే తగువు మొదలుపెట్టాల్సింది అక్కడే. గడువు దాటి మూడు రోజులు మించితే గానీ లేట్ ఫీ వేయకూడదన్నది కూడా ఆ ఆదేశాల్లోని మాటే.

బళ్లారిలో కార్డు అడిగి తెచ్చుకున్నవాళ్లు కొందరైతే, మరో పని మీద వెళ్లి చేతిలో పెట్టించుకుని వచ్చినవాళ్లు ఇంకొందరు. తోరణగల్లు ఉక్కు కర్మాగారం వైపు జీతం ఖాతా తెరిచినప్పుడో, కౌల్ బజార్‌లో జీన్స్ కుట్టే యూనిట్‌కు కరెంట్ ఖాతా తీసుకున్నప్పుడో, తుంగభద్ర కాలువ కింద సిరుగుప్ప క్యాంపుల్లోని వరి రైతు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినప్పుడో ‘ఇది కూడా ఉంచుకోండి సార్, ఫ్రీ’ అంటారు. ఫ్రీ ఎన్నాళ్లన్నది అక్కడ తేలదు. జీవితాంతమా, మొదటి ఏడాదేనా, ఏడాదికి ఇన్ని వేలు ఖర్చు పెడితేనా? నోటిమాటగా చెప్పింది ఒకటి, కాగితం మీద ఉన్నది మరొకటి. ఆ కాగితానికి ‘ముఖ్యమైన నియమ నిబంధనలు’ అని పేరు. దాన్ని తీసుకున్న రోజే చదివినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు దండం పెట్టాలి.

సరిహద్దు జిల్లా కావడంతో ఇక్కడ చిక్కు మరో మెలిక తిరుగుతుంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అందులోకి వచ్చాయి, బళ్లారి మైసూరులో కలిసింది. గీత భూమి మీద పడింది గానీ బేరసారాల మీద పడలేదు. రాయదుర్గంలో ఇల్లు, బళ్లారి శాఖలో ఖాతా ఉన్నవాళ్లు ఇప్పటికీ మామూలే. బళ్లారి తెలుగువాళ్లకేమో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఇంగ్లీషు. కార్డు నిబంధనలు సులభమైన భాషలో, ‘ప్రాధాన్యంగా’ ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషల్లో ఉండాలంటుంది రిజర్వు బ్యాంకు. ప్రాధాన్యంగా అన్న చోట తప్పనిసరిగా అని ఉంటే సంగతి వేరు. అదే రుణాల విషయంలో, తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ముఖ్యాంశాల పత్రం ఇచ్చి తీరాలని 2024 ఏప్రిల్ 15న సర్క్యులర్ తెచ్చారు. అందులో క్రెడిట్ కార్డులను మినహాయించారు.

ఇక అసలు చిల్లు దగ్గరికి వద్దాం. ఏడాదికి మించి వాడని కార్డును ఏం చేయాలో 2022 ఆదేశాలే చెప్పాయి. సంస్థ ఖాతాదారుకు ముందు కబురు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే తానే ఆ కార్డు మూసేయాలి. చదవడానికి ముచ్చటగా ఉంది. కానీ చివర ఒక షరతు తగిలించారు: బాకీలన్నీ కట్టి ఉంటేనే. కార్డు వాడకుండా పన్నెండు నెలలు నిండే వేళకు ఏమవుతుంది? వార్షిక ఫీజు పడుతుంది. అది పడగానే బాకీ పుడుతుంది. బాకీ పుట్టాక మూసివేత ఆగుతుంది. మూయనందుకు మరో ఏడాది ఫీజు. కార్డును మూయాల్సిన నియమమూ, ఫీజు వేసే నియమమూ ఒకే పన్నెండో నెల దగ్గర ఎదురుపడుతున్నాయి. ఎదురుపడ్డ ప్రతిసారీ గెలిచేది ఫీజే.

ఇంకో నియమంలోనూ ఇదే తంతు. కార్డు మూసేయమని ఖాతాదారే అడిగితే ఏడు పనిదినాల్లో మూయాలి. ఆలస్యం చేస్తే రోజుకు రూ.500 చొప్పున ఖాతాదారుకే కట్టివ్వాలి. ఇంత గట్టి నిబంధన మన బ్యాంకింగ్‌లో అరుదు. అయితే ఇదీ బాకీ లేని ఖాతాకే వర్తిస్తుంది. ఏ ఫీజు పడినందుకు ఖాతాదారులు కార్డు వద్దంటున్నారో, ఆ ఫీజే వాళ్ల చేతిలోని ఆయుధాన్ని మొండి చేస్తుంది. మూసివేత అడగడానికి మంచి సమయం ఏడాది నిండక ముందు, ఫీజు పడక ముందు. ఆలోగా ఒక ఈమెయిల్ పంపి, ఫిర్యాదు నంబరు తీసుకుని ఉంచుకుంటే రోజుకు అయిదు వందల లెక్క ఖాతాదారు పక్షానే నడుస్తుంది.

అసలు అడగకుండానే వచ్చిన కార్డయితే కథ తిరగబడుతుంది. కోరని కార్డును పంపి బిల్లు వేస్తే, వేసిన చార్జీలు వెనక్కి ఇవ్వడమే కాదు, వాటికి రెట్టింపు జరిమానా కూడా మారు మాట్లాడకుండా కట్టాలి. ఇచ్చిన 30 రోజుల్లో ఖాతాదారు యాక్టివేట్ చేయని కార్డుకు ఓటీపీతో సమ్మతి అడగాలి, సమ్మతి రాకపోతే ఖర్చేమీ వేయకుండా మూసేయాలి. కాబట్టి బిల్లు చేతికి రాగానే మొదట తేల్చుకోవాల్సింది మొత్తం ఎంతన్నది కాదు. ఈ కార్డుకు నేను ఎప్పుడైనా ఓటీపీ చెప్పానా, పిన్ పెట్టానా అన్నది.

తగువు ఎలా నడపాలన్న దాంట్లో చాలామంది ఒక చోట బోల్తా పడుతున్నారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అరగంట వాదిస్తారు. అవతలి మనిషి మర్యాదగా, ‘ఈ నెలలో మూడు వేల కొనుగోలు చేయండి, ఫీజు మాఫీ చేస్తాం’ అంటాడు. బాగానే ఉందని వెళ్లి కొంటారు. ఆ కొనుగోలుతో ‘వాడని కార్డు’ అనే వాదన అక్కడికక్కడే చచ్చిపోతుంది, మళ్లీ ఏడాది లెక్క మొదటికొస్తుంది. ఫోన్‌లో మాట్లాడింది మరుసటి నెలకు రుజువుగానూ నిలవదు. రాతలో పెట్టాలి. ఈమెయిల్ అయినా రాతే. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో సంస్థ ఆధారాలతో వివరణ ఇవ్వాలి. మార్చిన చార్జీల గురించి నెల ముందే చెప్పి ఉండాలి, చెప్పినట్టు చూపించాల్సిన బాధ్యత వాళ్లదే. చార్జీ పెంచారని కార్డు తిరిగిచ్చేస్తే అందుకు అదనంగా ఏమీ వసూలు చేయకూడదు. ఫీజు వెనక్కి ఇస్తే దానితో పాటు ఆ 89.82 కూడా వచ్చిందో లేదో చూసుకోవాలి.

శాఖ మేనేజరు దగ్గరికి వెళ్లడం మన అలవాటు. పంట రుణానికి ఆయనే దిక్కు, నిజమే. కార్డుకు మాత్రం ఆయన చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. స్టేట్ బ్యాంకు కార్డు అనుకునేదాన్ని ఇచ్చేది ఎస్‌బీఐ కార్డ్స్ అనే వేరే కంపెనీ, అది అసలు బ్యాంకే కాదు. గ్రామీణ బ్యాంకు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు బళ్లారి. అలాంటి ఊళ్లో కూడా కార్డు గొడవకు తలుపు తట్టడానికి ఇల్లు దొరకదు.

సంస్థ జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2021 నవంబర్ 12న మూడు పాత అంబుడ్స్‌మన్ పథకాలను కలిపి ఒకటి చేశారు. ఉత్తరం, ఈమెయిల్ ద్వారా పంపే ఫిర్యాదులు చండీగఢ్‌లోని కేంద్రానికి చేరతాయి, ఏ భాషలో రాసినా తీసుకుంటారు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనూ కన్నడంలోనూ చెబుతారు. ఫీజు లేదు. వకీలు ద్వారా పంపితే మాత్రం తీసుకోరు. 2024-25లో క్రెడిట్ కార్డులపై అంబుడ్స్‌మన్‌కు వెళ్లిన ఫిర్యాదులు 50 వేలు దాటాయి. అంతకు ముందు ఏడాది 42 వేల పైచిలుకు.

అక్కడా ఒక మెళకువ ఉంది. సంస్థ వ్యాపార నిర్ణయాల్లో అంబుడ్స్‌మన్ తలదూర్చరు. ‘అయిదు వందలు చాలా ఎక్కువండీ’ అని రాస్తే, ఫీజు ఎంత పెట్టుకోవాలన్నది వాళ్ల ఇష్టం అని ఫిర్యాదు మూసేయవచ్చు. ‘ఏడాది వాడలేదు, మూస్తామని నాకు కబురు చేయలేదు, ఫీజు పడుతుందని ముందు చెప్పలేదు, మీ దగ్గర ఆధారం ఉంటే చూపండి’ అని రాస్తే అది నిబంధన ఉల్లంఘన అవుతుంది. అదే అన్యాయం, అడిగే తీరు వేరు.

మరో దారి జిల్లా వినియోగదారుల కమిషన్. సరిహద్దు వాళ్లకు 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం చేసిన మేలు చిన్నది కాదు. 1986 చట్టం కింద అవతలి పక్షం ఎక్కడ వ్యాపారం చేస్తుందో, వివాదం ఎక్కడ పుట్టిందో అక్కడికి పోవాల్సి వచ్చేది. 2020 జూలై 20 నుంచి ఫిర్యాదుదారు తానున్న చోటే వేసుకోవచ్చు. ఖాతా బళ్లారిలో ఉన్నా రాయదుర్గం మనిషి అనంతపురంలో, ఆదోని మనిషి కర్నూలులో వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. అంబుడ్స్‌మన్ దగ్గరా, కమిషన్‌లోనూ ఒకేసారి నడపడం మాత్రం కుదరదు.

ఇంత చిన్న మొత్తానికి కమిషన్ దాకా ఎందుకని అడగొచ్చు. 2023లో ఢిల్లీలోని ఒక జిల్లా కమిషన్ తేల్చిన కేసు చూడాలి. ఒక మాజీ జర్నలిస్టు ఎస్‌బీఐ కార్డు గడువు 2016 ఏప్రిల్‌లో తీరింది, ఆయన పొడిగించుకోలేదు. అయినా లేట్ ఫీ పేరుతో బిల్లులు వచ్చాయి, చివరికి ఆయన పేరు రుణ చరిత్రలు నమోదు చేసే సిబిల్‌లో ఎగవేతదారుల వరుసకు ఎక్కింది. రూ.2 లక్షల పరిహారం ఇవ్వాలని కమిషన్ ఆదేశించింది. కమిషన్ విలువ కట్టింది ఆ ఫీజుకు కాదు, పేరు పోయినందుకు.

బళ్లారిలోనైనా ఆదోనిలోనైనా అసలు దెబ్బ అదే. నాలుగు వేలు ఎలాగో కట్టేస్తారు. ట్రాక్టరు రుణానికో, ఇంటి రుణానికో వెళ్లినప్పుడు ‘మీ మీద ఓవర్‌డ్యూ చూపిస్తోంది’ అన్న మాట దగ్గర ఆగిపోతారు. ఎగవేతగా నమోదు చేసే ముందు ఖాతాదారుకు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలనీ, తగువులో ఉన్న కార్డుల విషయంలో అది తేలాకే ఆ సమాచారం బయటపెట్టాలనీ రిజర్వు బ్యాంకు ఆదేశాలు అంటున్నాయి. రాతపూర్వక ఫిర్యాదు తేదీకి అంత విలువ రావడం ఇందుకే. సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఏడాదికొకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇస్తాయి. తప్పుందని చెప్పాక 30 రోజుల్లో సరిచేయకపోతే 2024 ఏప్రిల్ 26 నుంచి రోజుకు రూ.100 పరిహారం వస్తుంది. రుణం అవసరమైనవాళ్లు ఫీజు కట్టేసి, ‘అభ్యంతరం ఉంచుకుని కడుతున్నాను’ అని రాసి, తర్వాత పోరాడటమే మేలని నా అభిప్రాయం. పంతానికి పోతే విత్తనాల అదను ఆగదు.

కోర్టులు ఈ మూసివేత చిల్లును సరిచేస్తాయని ఎదురుచూడటం దండగ. 30 శాతం మించిన కార్డు వడ్డీ అన్యాయమని 2008 జూలైలో జాతీయ వినియోగదారుల కమిషన్ అంటే, అది రిజర్వు బ్యాంకు పరిధిలోని పని అంటూ 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అలాగైతే అడగాల్సింది కూడా రిజర్వు బ్యాంకునే. ‘బాకీలన్నీ కట్టి ఉంటేనే’ అన్న చోట, ఖాతాదారు కొనుగోళ్ల వల్ల వచ్చిన బాకీ మాత్రమే అని ఒక్క వివరణ చేరిస్తే చాలు. కొనుగోలే లేని ఏడాదికి సంస్థ తానే వేసుకున్న ఫీజు మూసివేతకు అడ్డు రాదు, రోజుకు అయిదు వందల నిబంధనకూ అడ్డు రాదు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, పార్లమెంటు దాకా పోనక్కర్లేదు. ఒక సర్క్యులర్ సరిపోతుంది.