నరంలోకి ఎక్కించే తెలుపు

ఒంట్లో నీరసంగా ఉందంటే ఒక సెలైన్ పెట్టించుకోవడం మన పల్లెల్లో అలవాటే. సీసా ఎక్కితే బలం వస్తుందని మన నమ్మకం. ఆ నమ్మకాన్నే ఇప్పుడు పట్నాల్లోని బ్యూటీ క్లినిక్కులు సొమ్ము చేసుకుంటున్నాయి. ఏ జబ్బూ లేని ఆడపిల్లలకు, పెళ్ళిలోపు తెల్లబడతారని చెప్పి, నరంలోకి గ్లూటాథయోన్ ఎక్కిస్తున్నారు.

గ్లూటాథయోన్ ఎక్కడినుండో వచ్చిన అద్భుతం కాదు. మూడు అమైనో ఆమ్లాలతో మన శరీరమే దాన్ని తయారుచేసుకుంటుంది. కాలేయంలో అది సమృద్ధిగా ఉంటుంది. దేవుడు ఉచితంగా లోపల పెట్టినదాన్ని సిట్టింగుల లెక్కన మనకే అమ్ముతున్నారు.

వైద్యాన్ని మేము తప్పుపట్టడం లేదు. ఫిలిప్పీన్స్‌లో దీన్ని క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌కు తోడుగా ఇవ్వడానికి అనుమతించారు. కానీ తెల్లబడడం కోసం విచ్చలవిడిగా వాడుతుంటే, 2011లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరించింది. తీవ్రమైన చర్మవ్యాధులు, థైరాయిడ్, కిడ్నీ సమస్యలు రావచ్చని చెప్పింది. అమెరికాలో ఇంజెక్షన్ కోసం కలిపిన గ్లూటాథయోన్‌లో బాక్టీరియా విషాలు ఉండి, ఏడుగురికి వాంతులు, వణుకు వచ్చాయని 2019లో అక్కడి ఎఫ్‌డీఏ తెలిపింది. నోటితో మింగినదాన్ని కడుపు కొంతైనా వడపోస్తుంది. నరంలోకి వెళ్ళినదానికి ఆ కాపలా లేదు.

"పిల్ల బతుకు బాగుపడుతుంది కదా" అంటారు కొందరు. ఎలా బాగుపడుతుంది? ఒకవేళ రంగు కాస్త తగ్గినా, మందు ఆపితే అది నిలవదు. మిరప తోటలో, పత్తి చేలో ఎండకు నిలబడే మన బిడ్డలకు చర్మంలోని మెలనిన్ దేవుడిచ్చిన గొడుగు. దాన్ని మచ్చ అని ఎవరు నేర్పారు?

ఆ పాఠం క్లినిక్కు కంటే ముందు పెళ్ళిచూపుల్లో మొదలైంది. పిల్ల నలుపైతే కట్నం పెంచేవారు మన సంఘాల్లోనూ ఉన్నారు. ఆదివారం ప్రార్థన చేసి, సోమవారం తెల్లని కోడలిని వెదుకుతారు. యెష్షయి ఇంట్లో పైరూపం చూసి సమూయేలు ప్రవక్తే పొరబడ్డాడని మనకు తెలియదా?

తల్లిదండ్రులారా, సీసా పెడతామన్న చోట ఒక్క మాట అడగండి: "మా బిడ్డకు ఏ జబ్బు?" అబ్బాయి తరఫువారలారా, రంగు గురించి అడగడం మానండి. మీరు అడగకపోతే ఆ సీసా కొనేవారు చాలామంది ఉండరు.