అలల్ని ఆవిరి చేయకండి

సంధ్యవేళ సముద్రాన్ని పాలమీగడగా మార్చే ఛాయాచిత్రాలతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. ఈ మాట అన్నప్పుడల్లా, నిదానపు షట్టరు వాడటం చేతకాక అంటున్నానని ఎద్దేవా చేసే మిత్రులున్నారు. చేతనయ్యే అంటున్నాను. కటకం ముందు పది స్టాపుల ఎన్‌డి ఫిల్టరు బిగిస్తే లోపలికి చేరే వెలుతురు సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. సెకనులో 30వ వంతు చాలిన చోట అరనిమిషం పైచిలుకు షట్టరు తెరిచి ఉంచాలి. ఆ అరనిమిషంలో లేచి విరిగిన అలలన్నీ ఒకదానిమీదొకటి పడి, సగటు తేలి, చివరికి పొగమంచు మిగులుతుంది. ఇందులో విద్య ఉంది, కాదనను. ఆ మంచును చూసి "ఆహా, ఎంత ప్రశాంతం!" అనుకోవడం దగ్గరే నా అభ్యంతరం. బంగాళాఖాతం ప్రశాంతంగా లేదు. మనం దాన్ని అలా చూడదలచాం, అంతే.

1857లో ఫ్రాన్సులోని సెత్ రేవు దగ్గర గుస్తావ్ లె గ్రే ఒక పెద్ద అలను పట్టుకున్నాడు. ఆనాటి రసాయనాలతో ఆకాశానికి సరిపడిన వెలుతురు నీటికి సరిపడేది కాదు. అందుకని ఆకాశానికొకటి, నీటికొకటి నెగెటివులు తీసి, రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేశాడు. అల అలగా కనబడటానికి ఆయన పడిన పాట్లవి! సెకనులో 4000వ వంతును పట్టగల యంత్రాలు చేతబట్టుకున్న మనమేమో, నల్లద్దం అడ్డుపెట్టి మరీ మసకను కొనితెచ్చుకుంటున్నాం. (ఆ అద్దం ధర గురించి మా ఇంట్లో జరిగిన సంవాదం ఇక్కడ అప్రస్తుతం.)

విశాఖలో మరో తమాషా. ఇక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమించడు, మన వీపు వెనుక ఊరి మీదుగా కొండల చాటుకు దిగుతాడు. ఆకాశం నిర్మలంగా ఉంటే, ఆ వేళ తూర్పున నీటి అంచు మీద నీలిబూడిదరంగు పట్టీ ఒకటి పైకి లేస్తుంది. అది భూమి నీడ. దానిపైన లేత గులాబీ. ఇంత దృశ్యం ఎదురుగా ఉండగా, ఇంటికెళ్ళి కంప్యూటరులో నారింజరంగు పులిమేవారిని ఏమనాలి?

పెదజాలరిపేట ఒడ్డున ఒక సాయంత్రం నేనూ ఈ మంచు పనే చేశాను. ముప్ఫై సెకన్లు. చట్రంలో ఇసుక మీదికి చేర్చిన పడవ, దాని పక్కన వల లాగుతున్న పదిమంది. బొమ్మ తెరమీదికి వచ్చాక వాళ్ళలో ఒక పెద్దాయన వచ్చి తొంగిచూశాడు. "నీరేటి బాబూ, పొగలాగున్నాది?" అన్నాడు. కాసేపు వేలితో వెతికి, "పడవైతే ఉంది. మేం కనబడమేటి?" అని అడిగాడు. వాళ్ళున్న చోట నల్లటి మరక ఉంది. షట్టరు వేగం గురించి చెప్పబోయి మానేశాను.

1838లో డగేర్ పారిస్ వీధి నొకదాన్ని తీసినప్పుడూ ఇంతే. నడిచే జనమంతా మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి దక్కాడు. పని చేసుకునేవాడికంటే చేయించుకునేవాడే స్పష్టం! అయితే డగేర్‌కు గత్యంతరం లేదు. నాకుంది.

నిదానపు షట్టరును వెలివేయమని నేననడం లేదు. అర సెకను పెట్టి చూడండి. వెనక్కి మళ్ళే నురగ ఇసుక మీద చారలు గీస్తుంది, నీరు ఎటు పోతోందో తెలుస్తుంది. వల లాగేవాడి చేతులు చెదిరినా ముఖం పోల్చుకోవచ్చు. మరుసటి వారం అలాగే తీసి, అచ్చువేయించి పట్టుకెళ్ళాను. పెద్దాయన చాలాసేపు చూసి, వెనక వరసలో ఒకడిమీద వేలుపెట్టి, "ఈడు లాగట్నేదు బాబూ, ఊరికే పట్టుకున్నాడు" అన్నాడు.