గొంతు సరే... ఒప్పందం చదివారా?

టీవీలో 'పాడుతా తీయగా' వస్తుంటే 'మన చిన్నదాన్నీ సంగీతంలో చేర్పించాల్సింది' అని నిట్టూర్చని ఇల్లు తెలుగునాట తక్కువే. 1996లో ఆ కార్యక్రమం మొదలయ్యాక, పాటే బతుకుతెరువు కావాలనుకునే పిల్లలూ పెరిగారు. మరి వాళ్లకేం నేర్పాలి?

శ్రుతి, లయ, స్వరజ్ఞానం... వీటికి ప్రత్యామ్నాయం లేదు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో చదివినవాళ్లే ఘంటసాల, పి.సుశీల. వాళ్లు సినిమాల్లోకి వచ్చిన రోజుల్లో గాయకులూ వాద్యబృందమూ కలిసి ఏకబిగిన రికార్డు చేసేవారు. ఇప్పుడో? గాజు గది, చెవులకు హెడ్‌ఫోన్లు, అందులో 'టిక్... టిక్' మంటూ క్లిక్ ట్రాక్. మృదంగం పక్కన సాధన చేసిన పిల్లలకు ఆ టిక్కుటిక్కుతో పాడటం మొదట్లో ఇబ్బందే. ఇంట్లోనే పాడి ఫైలు పంపమంటారు కూడా. మైకుకు ఎంత దూరంలో నిలబడాలి, వంటింట్లో కుక్కరు కూత అందులో పడకుండా ఏం చేయాలి... ఇదీ సాధకమే! 2008లో ఏ.ఆర్.రెహమాన్ చెన్నైలో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీలో పాశ్చాత్య, హిందుస్థానీ సంగీతాలతో పాటు సౌండ్ టెక్నాలజీ కూడా నేర్పుతున్నది అందుకే.

అసలు చిక్కు స్టూడియో బయట ఉంది. కొత్త గాయనికి మొదట దొరికేది తరచూ ట్రాక్ పాడే పని. బాణీ ఎలా ఉంటుందో చూడటానికి ఆమెతో పాడిస్తారు. సినిమాలో మాత్రం పేరున్న మరొకరి గొంతు వినిపిస్తుంది. ఎప్పుడైనా అదృష్టం కలిసొచ్చి తన గొంతే ఉంచేశారనుకోండి, ఆ సంబరంలో చేతికిచ్చిన కాగితం మీద గబగబా సంతకం పెట్టేస్తుంది. అందులో ఏముందో అమ్మకూ తెలీదు, నాన్నకూ తెలీదు. రాగాలకు ఏళ్లు కేటాయించే చాలా చోట్ల, ఆ కాగితం చదవడానికి ఒక్క పూట కూడా కేటాయించరు మరి.

పాట ఒక్కటే అయినా సాహిత్యం మీద హక్కు వేరు, బాణీ మీద వేరు, రికార్డింగు మీద వేరు. రికార్డింగు సాధారణంగా నిర్మాతదో ఆడియో కంపెనీదో అవుతుంది. అయితే థియేటర్లో సినిమా ఆడినప్పుడు తప్ప మిగతా వాడకాల్లో, తమకు రావలసిన రాయల్టీని రచయిత, స్వరకర్త కంపెనీకి రాసిచ్చినా చెల్లదని 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించారు. దీనికోసం జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా వాదించారు. పాటను వాణిజ్యపరంగా వాడుకుంటే గాయకులకూ రాయల్టీ హక్కుందని అదే సవరణ చెప్పింది. కానీ ఆ డబ్బు ఇల్లు వెతుక్కుంటూ రాదు. రచయితలు, స్వరకర్తలైతే 1969లో ఏర్పడిన ఐపీఆర్ఎస్‌లో చేరి, పాటలు నమోదు చేయించుకోవాలి.

స్నేహితులంతా కలిసి సొంతంగా పాట చేస్తుంటే, ఎవరి వాటా ఎంతో ఆ రోజే రాసుకుని సంతకాలు చేయాలి. హిట్టయ్యాక అడిగితే స్నేహమూ పోతుంది, లెక్కా తేలదు. ప్రతి రికార్డింగుకూ ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాలూ అంకెల కోడ్ ఉంటుంది. పాటకు ఆధార్ నంబరు లాంటిదన్నమాట. దాంతో పాటు ఇచ్చే వివరాల్లో పేరు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి. ఒక పాటకు ఇంటిపేరుతో, ఇంకో పాటకు ఇంటిపేరు లేకుండా రాస్తే లెక్కలో ఇద్దరు గాయనులవుతారు!